నోటితో బండి ఆపే పిల్ల

పర్మిట్ల ఆఫీసులో ఈ పుస్తకం చదివేవారికి, కొత్తమెట్ట నుంచి చుక్క తవిటయ్య నమస్కారాలు.

మీరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. నా రాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ‘ల’ ఎక్కడ రాయాలో, ‘ళ’ ఎక్కడ రాయాలో అప్పుడే సరిగ్గా రాలేదు. ఆ తర్వాత చేతికి స్టీరింగు వచ్చింది, కలం పోయింది. నోటితో చెప్పి రాయించకూడదని, పక్కసీట్లో కూర్చుని నేర్పే మనిషి ప్రతి పాఠమూ తన చేత్తోనే రాయాలని మీ కాగితంలో ఉంది. అందుకని రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

మొదటి పాఠం. సోమవారం.

నేర్చుకునే పిల్ల పేరు కోరాడ నూకరత్నం. అందరం రత్నం అంటాం. ఈ మధ్యనే పదహారు నిండాయి. తల్లి పారమ్మ. తండ్రి లేడు, కొండ జారిన ఏడాది పోయాడు.

బండి నాది. పాత జీపు. ఇంజను తీసేసి బ్యాటరీలు పెట్టించాను. గేర్లూ, క్లచ్చీ, బ్రేకూ పాతవే. కొత్తమెట్టలో స్టీరింగు ఉన్న బండి ఇదొక్కటే. మీ తీగరోడ్డు మా కొండ కింద స్తంభం దగ్గర ఆగిపోతుంది. రోడ్డు కింద తీగ లేకపోతే, మాట చెబితే నడిచే మీ పలుకుబండి కదలదు. స్తంభం దగ్గరికి వచ్చి, “ఇక్కడితో దారి ముగిసింది, దయచేసి దిగండి” అంటుంది. అక్కణ్ణించి మా ఊరికి మలుపులు తిరిగే మట్టి ఘాటీ. కొండ ఇంకా కదులుతోందని తీగను పైకి వెయ్యరు.

పారమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కింద ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. స్తంభం దాకా నేను దించుతాను. అక్కడ పలుకుబండి ఎక్కి వెళ్తుంది. సాయంత్రం వస్తే పైకి తెస్తాను.

నా కళ్ల సంగతి మీ దగ్గరున్న డాక్టరు కాగితంలోనే ఉంది. కంటినరం ఎండిపోతోంది. ఎదురుగా కనిపిస్తుంది, పక్కలు మూసుకుపోయాయి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. నెలాఖరు తర్వాత నేను స్టీరింగు పట్టకూడదు. పక్కసీట్లో కూర్చోవచ్చు. దానికి లైసెన్సూ, చేతి బ్రేకు లాగే బలమూ ఉంటే చాలని మీ రూలు.

రత్నానికి నేర్చుకునే పర్మిటు వస్తే, పక్కన నేనుంటే, తల్లిని అదే దించుకోవచ్చు. రాకపోతే పారమ్మ కింద ఆసుపత్రి గదుల్లోకి మారిపోవాలి. మా ఊరి నుంచి ఆ గదుల్లోకి మారినవాళ్లు ఎవరూ మళ్లీ పైకి రాలేదు. సంగతి ఇంతే. ఇక పాఠం.

పిల్ల వచ్చి వెనకసీట్లో కూర్చుంది. పలుకుబండిలోలాగ కిటికీ తెర లాగడానికి చెయ్యి చాపి వెతికింది. జీపుకు తెర లేదు.

“ముందుకు రాయే,” అన్నాను.

“ముందేటుంది తాతా?”

“నువ్వు కూకోవలసిన సీటు.”

వచ్చి కూర్చుని కాళ్లు పైకి మడుచుకుంది. కింద హాస్టల్లో చదివేటప్పుడు రోజూ పలుకుబండిలో అలాగే కూర్చునేదట.

“కాళ్లు దించు.”

“కాళ్లతో పనేటి?”

పనేమిటో చూపించాను. మూడు పెడళ్లకూ మూడు పేర్లు చెప్పాను. తల ఊపింది. తర్వాత స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, గొంతు సవరించుకుని, “స్తంభం కాడికి పద,” అంది. బండి కదల్లేదు. ఈసారి ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

“నీ బండికి చెవుడేటి తాతా?”

“చెవుడు నాకు. దానికి చెవులే లేవు.”

పాఠం అక్కడితో ముగించాను. నాకు అలసట వచ్చింది.

రెండో పాఠం. మంగళవారం.

పొద్దున్న సోలారు పలకల మీద దుమ్ము తుడిచాం. బండి ఎక్కేముందు ఇది చెయ్యాలి. లేకపోతే సగం ఘాటీలో నిలబడిపోతుంది. తర్వాత మొదటి మలుపు దాకా నడిచి, పైనుంచి దొర్లిన రాళ్లు ఏరి పక్కన పడేశాం. ఇదీ రోజూ చెయ్యాలి. ఇవి కూడా పాఠంలోకి వస్తాయో రావో మీరే చూసుకోండి.

పిల్ల చురుకైనది. క్లచ్చి వదలడం మధ్యాహ్నానికి పట్టుబడింది. గేరు మార్చేటప్పుడు పళ్లు బిగిస్తుంది, అయినా మారుస్తుంది. స్టీరింగు నాకంటే మెత్తగా తిప్పుతుంది. నాకు సంతోషం వేసింది. పైకి అనలేదు.

ఊరి చివర దారికి అడ్డంగా కోడి పడింది. వెనక పిల్లలు. రత్నం చూసింది. చూసి, గట్టిగా, “ఆగు!” అంది.

బండి ఆగలేదు. కాలు పెడలు మీదే ఉంది, నొక్కలేదు. చేతి బ్రేకు నేను లాగాను. కోడి పిల్లలతో సహా బతికింది.

“ఆగు అన్నాను గదా!” అని బండి మీద అరిచింది పిల్ల. తర్వాత నా మొహం చూసి, “ఓలమ్మ, మరిసిపోనాను,” అంది.

మూడో పాఠం. బుధవారం.

మళ్లీ అదే. రాయి కనిపిస్తే “ఆగు”. గొయ్యి కనిపిస్తే “ఆగు”. నిదానంగా వెళ్తూ “ఇక్కడ ఆపు” అని నేను చెబితే కాలితో బాగానే ఆపుతోంది. ఆలోచించుకునే టైము ఉంటే కాలు వెళ్తుంది. హఠాత్తుగా ఏదైనా వస్తే నోరు ముందు వెళ్తుంది. నోరు వెళ్లాక పని అయిపోయిందని కాలు ఊరుకుంటుంది.

తప్పు పిల్లది కాదు. మాటలు నేర్చిన దగ్గరనుంచి బండ్లకు చెబుతూ పెరిగింది. ఇప్పటి పిల్లలందరూ అంతే. పాకే పిల్ల కూడా కిందికి వెళ్తే పలుకుబండిని చూసి “ఆగు” అంటుంది, అది ఆగుతుంది. వాళ్లకు ఆగడం అంటే మాట.

చెప్పి చూశాను. “నొక్కు, నొక్కు” అని. నేను చెబితే నొక్కుతుంది. పక్కలు కనిపించని నేను, పక్కనుంచి వచ్చేదాన్ని చూసి ఎప్పుడని చెప్పగలను?

“రేపు నేర్సుకుంతాన్లే తాతా. నీకు నడుం నొప్పి గదా, పోయి తొంగో,” అంది.

నొప్పిగానే ఉంది. చేతి బ్రేకు లాగి లాగి భుజం కూడా పట్టేసింది.

పాఠం లేదు. గురువారం.

పారమ్మను దించే రోజు. నేనే నడిపాను. పర్మిటు లేకుండా పిల్ల మనుషుల్ని ఎక్కించుకోకూడదు కదా. పర్మిటుకు ముందు పాఠాలు ఊరి హద్దులోనే, పక్కసీటు మనిషి తప్ప ఎవరూ ఉండకూడదు అని మీరు ఇచ్చిన చీటీలో ఉంది. దాన్ని మీరలేదు.

రెండో మలుపులో పారమ్మ, “మావా, ఎడమ,” అంది. తిప్పాను. మూడో మలుపులో “ఎడమ, ఇంకా ఎడమ,” అంది. కొన్నాళ్లుగా ఇలాగే వస్తున్నాం. నా పక్కచూపు ఆమె నోట్లో ఉంది. ఆమె కళ్లు మూసుకున్న రోజున మాత్రం నాకు భయం.

“గుంటకి వొస్తందా?” అని కూతురి గురించి అడిగింది.

“స్టీరింగు వచ్చింది. గేర్లు వచ్చాయి.”

“మరి రానిదేటి?”

“ఆగడం.”

పారమ్మ నవ్వింది. “సిన్నప్పట్నుంచీ దానికదే రాదు మావా.”

కాసేపయ్యాక అడగకుండానే గదుల గురించి చెప్పింది. క్రితం వారం చూపించారట. “మంచం మెత్తగానే ఉంది. కిటికీ ఉంది. అయితే ఆ గోడ మాటాడతాది. ‘పారమ్మగారూ, లేచారా’ అంటాది. నాను లేవకపోతే ఎవలికి సెప్తాదో. అక్కడోలంతా ఆ గోడతోనే మాటాడుకుంతన్నారు. పక్క మంచమోల్ని పలకరిత్తే ఉలిక్కిపడతన్నారు.”

స్తంభం దగ్గర పలుకుబండి వచ్చి నిలబడింది. పారమ్మ ఎక్కి, తెర వెయ్యకుండా కూర్చుంది. అది మెల్లగా వెళ్లిపోయింది. సాయంత్రం దాకా జీపులోనే పడుకున్నాను. నిద్ర రాలేదు.

నాలుగో పాఠం. శుక్రవారం.

నిన్న పడుకుని ఆలోచించాను. నోరు ముందు వెళ్తోంది కదా. నోటికి పని పెడితే?

లోటాతో నీళ్లిచ్చి, “నోట్లో పోసుకో. మింగకు. దిగేదాకా ఉమ్మకు,” అన్నాను.

పిల్ల నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. పోసుకుంది. బుగ్గలు ఉబ్బాయి. అలాగే బండి తీసింది.

చావిడి దగ్గర కుక్క అడ్డొచ్చింది. “ఊఁ!” అంది. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అద్దం తడిసింది. చేతి బ్రేకు నేనే లాగాను.

మళ్లీ పోసుకోమన్నాను. మళ్లీ కుక్క. ఈసారి మింగేసి “ఆగు” అంది. మళ్లీ పోసుకోమన్నాను. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు పని మానుకుని చూస్తున్నారు. “రత్నం, ఏటే, పెళ్లికూతురిలాగ మాటాడవేటి?” అని ఒకామె అంది. పిల్ల ఏమీ అనలేక కళ్లతోనే తిట్టింది.

చీకటి పడేముందు ఒక్కసారి కాలు నొక్కింది. జీపు ఎగిరి ఆగింది. నా నుదురు అద్దానికి కొట్టుకుంది. అయినా బాగుంది.

అయిదు, ఆరు, ఏడు పాఠాలు. కలిపి రాస్తున్నాను, క్షమించాలి.

చెయ్యి నొప్పిగా ఉండి విడివిడిగా రాయలేదు. మధ్యలో ఆదివారం పారమ్మను దించి తెచ్చాను.

నోట్లో నీళ్లుంటే పిల్ల కాలు పనిచేస్తోంది. మేకకు నొక్కింది. రాయికి నొక్కింది. దారి పక్క ఎండేసిన చోళ్ల గింజల మీదికి పోబోతూ నొక్కింది. నేను బ్రేకు దగ్గర చెయ్యి ఉంచుకుని కూర్చున్నాను, లాగే పని పడలేదు.

దిగి నీళ్లు ఉమ్మి, “కప్పలాగ ఉంది తాతా నా బతుకు,” అంది.

“కప్ప బాగా ఆగుతుంది,” అన్నాను.

నవ్వింది. నేనూ నవ్వాను. పరీక్షకు పేరిచ్చాను. అది నా తొందరపాటు కావచ్చు. నెలాఖరు దగ్గర పడుతోంది.

పరీక్ష. గురువారం.

పారమ్మ కూడా మాతోనే దిగింది. ఆమె ఆసుపత్రికి వెళ్లింది, మేము పరీక్ష షెడ్డుకు వెళ్లాం.

షెడ్డులో ఉన్న అమ్మాయి పేరు ఇందుమతి. మంచి పిల్ల. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. పర్మిటుకోసం ఈ ఏడాది వచ్చినవాళ్లు మీరొక్కరేనండి అంది. పరీక్ష బండికి స్టీరింగూ పెడళ్లూ ఉన్నాయి. చూస్తే పలుకుబండికే బిగించినట్టున్నాయి.

రత్నం నోట్లో నీళ్లు పోసుకుని ఎక్కింది.

“నీ పేరు చెప్పమ్మా,” అంది ఇందుమతి.

రత్నం నా వైపు చూసింది.

“నోట్లో ఏముంది తాతగారూ?”

“నీళ్లు.”

“మాట్లాడాలండీ. ప్రశ్నలడుగుతూ నడిపించాలి, రూలు.”

పిల్ల మింగేసింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. బండి ఆవరణలో తిరిగింది. మలుపులు బాగా తిప్పింది. గుర్తులన్నీ సరిగ్గా చెప్పింది. చివర్లో అట్టతో చేసిన దూడబొమ్మ పక్కనుంచి దారి మీదికి జారింది.

“ఆగు!”

బయట నిలబడ్డ నాకు వినిపించింది. బండి ఆగింది. నిండు కుండ దించినట్టు, అంత మెత్తగా ఆగింది. దూడ తోక కూడా కదల్లేదు. స్క్రీను పచ్చబడింది.

ఇందుమతి చప్పట్లు కొట్టింది. రత్నం దిగి పరుగెత్తుకొచ్చింది. నన్ను పట్టుకుని ఊపేసింది. “నెగ్గీసినాను తాతా! అమ్మకి బేగి సెప్పాల!”

నాకు అడగడానికి సిగ్గు వేసింది. అయినా అడిగాను.

“అమ్మా, పిల్ల కాలు నొక్కిందా?”

ఇందుమతి స్క్రీను చూసింది. “ఎంత దూరంలో ఆగిందో చూస్తుందండీ ఇది. ఎలా ఆగిందో చూడదు.”

“ఈ బండికి చెవులున్నాయి కదా.”

“ఉంటాయి తాతగారూ. తీస్తే గ్యారంటీ పోతుందని తియ్యనివ్వరు. మా దగ్గర ఉన్నది ఇదొక్కటే.” కాగితం తీసి, “మీరు సంతకం పెడితే ఇప్పుడే పంపేస్తాను. పక్కసీటు మనిషి సంతకం లేకపోతే పర్మిటు రాదు. ఆలోచించుకుంటానంటే సోమవారం దాకా టైముంది. తర్వాత ఈ పరీక్ష చెల్లదు. మళ్లీ వేసవిలోనే,” అంది.

కాగితం నా ముందు పెట్టింది. కలం ఇచ్చింది. రత్నం నా భుజం పక్కన నిలబడింది.

“ఎట్టీ తాతా.”

కలం పట్టుకున్నాను. మా ఘాటీలో మూడో మలుపు ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. జీపులో వెనక పారమ్మ, ముందు ఈ పిల్ల, పక్కలు కనిపించని నేను. అక్కడ పిల్ల “ఆగు” అంటే వినేవాళ్లెవరు?

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇందుమతికి కలం తిరిగి ఇచ్చి, “సోమవారం,” అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల తల్లి పక్కన వెనకసీట్లో కూర్చుంది. “మావా, ఎడమ” అన్న మాట తప్ప బండిలో ఇంకేమీ వినిపించలేదు.

పాఠం లేదు. శుక్రవారం.

పిల్ల రాలేదు. పొద్దున్న పలకలు ఒక్కణ్ణే తుడిచాను. రాళ్లు ఏరడానికి వంగితే లేవడం కష్టమైంది.

మధ్యాహ్నం పారమ్మ ఇంటికి వెళ్లాను. చోడి అంబలి ఇచ్చింది. పిల్ల లోపలే ఉంది, బయటికి రాలేదు.

“గుంట నెగ్గిందంట గదా మావా. కాయితం నువ్వు ఆపీసినావంట.”

“కాలు రాలేదమ్మా.”

“ఎప్పుడొస్తాది?”

“తెలీదు.”

“సోంవారం లోపల వొస్తాదా?”

“అదీ తెలీదు.”

పారమ్మ గోడకు ఆనుకుంది. కాళ్లు వాచి ఉన్నాయి. “ఆ గదుల్లోకి ఎల్తే నాను మరి పైకి రాను. నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఘాటీలో దాని సేతిలో పడిపోతే పైకీ రాను, కిందకీ ఎల్లను.” నవ్వింది. నాకు నవ్వు రాలేదు. “అది బతికి, నాను పోయి, నాను మాయమ్మని సంపీసినానని అది బతికినన్నాల్లూ ఏడిస్తే మరేటి మావా? అది నాకు వొద్దు. కానీ ఆ గోడా నాకు వొద్దు. ఏది సెయ్యాలో నువ్వే సూడు. నాకు ఓపిక నేదు.”

నాకూ లేదు. అంబలి తాగి వచ్చేశాను.

బ్యాటరీలు చల్లబడి బండి నిలిచిపోయిన ఏడాది పారమ్మను డోలీలో మోశారు. మోసినవాళ్లు ఇప్పుడు లేరు. అందరూ కిందికి వెళ్లిపోయారు. లేకపోతే ఇంత దాకా రాకపోయేది. ఇది మీకు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఎనిమిదో పాఠం. శనివారం.

తల్లి పంపితే వచ్చింది. నీళ్ల లోటా ఇవ్వబోతే నేల మీద పారబోసింది. ఊరుకున్నాను. నీళ్లతో నేర్చింది నీళ్లతోనే ఉంటుందని షెడ్డులో చూశాం కదా.

ఒక్క మాట లేకుండా నడిపింది. దారి మీద ఏదీ అడ్డు రాలేదు. ఏమీ తెలియలేదు. రోజు పోయింది.

తొమ్మిదో పాఠం. ఆదివారం.

పారమ్మను పొద్దున్నే దించి వచ్చాను. నాకు ఇంక స్టీరింగు పట్టే ఓపిక లేదు, మీరు ఆపకపోయినా.

తిరిగి వచ్చాక రత్నం చేతికి స్టీరింగు ఇచ్చి ఘాటీలోకి తీసుకెళ్లాను. ఊరి హద్దు స్తంభం దాకా ఉంది, కాబట్టి తప్పు కాదు. మొదటి మలుపు దాటాక పిల్ల నోరు తెరిచింది. తెరిచి ఇంక మూయలేదు.

“నీకు కళ్లు పోతన్నాయని నా కాయితం ఎవలికీ కనపడకూడదేటి తాతా? స్క్రీను పచ్చగొచ్చిందా నేదా? ఆ ఇందుమతిగారు సప్పట్లు కొట్టిందా నేదా? ఎవలికైనా సెప్తే నవ్వుతారు, నెగ్గిన పిల్లకి పర్మిటు ఆపీసినాడంట ముసిలోడు...”

నేను ఎదురుగా చూస్తూ కూర్చున్నాను.

“మాయమ్మ ఆ గదిలో గోడతో మాటాడుకుని బతకాలేటి? నీకేటి, నువ్వు జీపులో తొంగుంతావు. నోట్లో నీల్లోసి ఊరందరి ముందరా నన్ను కప్పని సేసినావు. నాను నోరెత్తినానా? అంత సేసి ఆకర్న...”

నా మెడ ముందుకు ఊగింది. చెయ్యి బ్రేకు మీదికి వెళ్లింది, కానీ బండి అప్పటికే నిలబడి ఉంది.

“...ఆకర్న ఒక గీత గియ్యడానికి నీకు సెయ్యి రాలేదా? ఒక్క గీత!”

మాట తెగలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు. బండి ఆగింది, తిట్టు ఆగలేదు.

“ఏం వచ్చింది?” అన్నాను.

“ఏటి?”

“ఎందుకాపావు?”

“మేక. ఎడం పక్కనుంచి దుంకింది. మరి అడ్డొస్తే ఆపనా? మాట మార్సకు తాతా. నాను అడిగినదానికి సెప్పు!”

క్లచ్చి నొక్కి, గేరు వేసి, మళ్లీ బండి తీసింది. తిడుతూనే ఉంది. తన కాలు ఏం చేసిందో తనకు తెలియలేదు.

నాకు తెలిసింది. అయినా ఒక్కసారి చాలదు. కోపం చల్లారితే మళ్లీ ఏమవుతుందో. అందుకని నా జన్మలో చెయ్యని పని చేశాను. తిట్టే మనిషిని ఇంకా రెచ్చగొట్టాను.

“ఇందుమతిగారు జాలిపడి చప్పట్లు కొట్టింది,” అన్నాను.

“ఏటీ?”

“నీకంటే అట్ట దూడ బాగా నడుపుతుంది.”

పిల్ల మొహం ఎర్రబడింది. స్తంభం దాకా వెళ్లి తిరిగి వచ్చేలోపల నన్నూ, నా జీపునూ, నా పెళ్లికాని బతుకునూ వదల్లేదు. దారిలో గుమ్మడికాయంత రాయి దొర్లి ఉంది. ఆపింది. తిట్టింది. నన్ను దిగి తియ్యమంది. తీశాను. పైకి వస్తుంటే మేకలు మళ్లీ, ఈసారి మంద. ఆపింది. మేకలు కాస్తున్న ఎర్రయ్యమ్మ, “ఏటే రత్నం, తాతని ఎందుకలాగ ఏపుకు తింతన్నావు?” అని అడిగింది. రత్నం ఆమెకూ కారణం చెప్పింది, వివరంగా. మూడో మలుపులో గట్టు విరిగి మట్టి దారి మీదికి వచ్చి ఉంది. నాకు కనిపించలేదు. అక్కడా ఆపింది. ఒక్కసారి కూడా “ఆగు” అనలేదు. అనడానికి నోరు ఖాళీ లేదు. తర్వాత ఊళ్లోకి వచ్చి, కోపం కొంత తగ్గి, ఊరికే చోళ్లు ఎండేసినవాళ్ల గురించి ఏదో చెబుతూ వస్తుంటే కుక్క అడ్డొచ్చింది. అప్పుడూ కాలే వెళ్లింది.

చావిడి దగ్గర ఆపమన్నాను. జేబులోంచి కాగితం తీశాను. నలిగిపోయింది. తొడ మీద పెట్టుకుని సంతకం చేశాను.

పిల్ల కాగితం చూసింది. నన్ను చూసింది.

“ఇప్పుడేటయిందని ఎట్టినావు?”

“నీ తిట్లు భరించలేక.”

“ముందే తిట్టవలసింది,” అని కాగితం లాక్కుని ఇంటికి పరుగెత్తింది. మళ్లీ వెనక్కి వచ్చి, బ్యాటరీ స్విచ్చి ఆపి, మళ్లీ పరుగెత్తింది.

ఆఖరి మాట. సోమవారం పొద్దున్న.

ఈ పుస్తకమూ, కాగితమూ స్తంభం దగ్గర పలుకుబండిలో పెట్టి మీ ఆఫీసుకు పొమ్మని చెబుతాను. షెడ్డులో ఇందుమతిగారిని ఏమీ అనకండి. ఆమె స్క్రీనులో ఉన్నదే చెప్పింది. స్క్రీను నమ్మకం లేకపోతే ఎవరినైనా మా ఘాటీకి పంపండి. పంపేముందు పిల్లకు కోపం తెప్పించాల్సిన పని లేదు, ఊరికే ఏదైనా మాట్లాడిస్తే చాలు. వచ్చినవారికి మా ఇంట్లోనే భోజనం.

కాలి సంగతి రత్నానికి నేను చెప్పలేదు. చెబితే కాలి మీద ధ్యాస పడుతుంది, అప్పుడు కాలు సిగ్గుపడుతుంది. మీరు కూడా చెప్పకండి.

నెలాఖరు ఎల్లుండి, బుధవారం. ఆ మర్నాడు గురువారం పారమ్మ దిగాలి. నేను స్టీరింగు పట్టను. పారమ్మ ఆసుపత్రి గదికి వస్తుందో రాదో చెప్పమని వాళ్లు కబురు పంపారు. పారమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు, మీ జవాబు చూసి చెబుతానంది. బట్టలు మాత్రం ఒక సంచిలో పెట్టుకుంది. ఆ సంచి గుమ్మం దగ్గరే ఉంది.

మా ఊళ్లో ఏదీ పలకదు, కాబట్టి జవాబు కాగితం మీదే రావాలి. పర్మిటు అయినా, కాదన్న మాట అయినా, బుధవారం లోపల స్తంభం దగ్గరికి చేరేలా పంపండి. నేను ఈ రోజు నుంచే అక్కడ కూర్చుంటాను. రత్నం దించి, జీపు నా దగ్గరే ఉంచి, నడిచి పైకి వెళ్తుంది. నాకు మిగిలిన చూపు ఇదే కదా, ఎదురుచూపు. తొందరగా రాయండి.